బెడ్‌రూమ్ గోడలకు కార్డులో నచ్చిన బూడిద రంగా, ఇంట్లో వాళ్ళు అడిగే పసుపా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. బెడ్‌రూమ్ రిపేర్ చేయిస్తున్నారు. గదికి ఒకటే కిటికీ, అది ఉత్తరం వైపు ఉంది. నేల మీది గోధుమరంగు టైల్స్, గోడకు బిగించిన చెక్క వార్డ్‌రోబ్ అలాగే ఉంటాయి. మంచం, కర్టెన్లు కొత్తవి కొంటారు. షేడ్ కార్డులో కాస్త నీలం కలిసిన లేత బూడిద రంగు మీకు నచ్చింది. ఇంట్లో వాళ్ళు లేత పసుపు అంటున్నారు. నీలం వేస్తే నిద్ర బాగా పడుతుందని ఎవరో చెప్పారు. పెయింటరేమో రంగు పేరు చెప్తే రేపే డబ్బాలు తెచ్చేస్తానని తొందర పెడుతున్నాడు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఆ బూడిద రంగు వద్దు. కార్డులో చూసిన ఆ పసుపు కూడా వద్దు. మీ గదికి దంతపు తెలుపుకీ లేత గంధం రంగుకీ మధ్యలో ఉండే రంగు బాగుంటుంది. బూడిదే కావాలని మీ మనసు లాగుతుంటే నీలం ఛాయ లేకుండా కాస్త మట్టిరంగు కలిసిన బూడిద చూడండి. ఏదైనా సరే, డబ్బాలు మాత్రం రేపు తెప్పించకండి. రెండు మూడు రంగులు శాంపిల్ డబ్బాల్లో తెప్పించి, పెద్ద అట్టల మీద వేసి, మీ గదిలోనే పగలూ రాత్రీ చూశాక ఖాయం చేయండి. చాలా ఏళ్ళుగా ఇళ్ళకు రంగులు ఎంచి, దగ్గరుండి వేయించే పనిలో ఉన్నాను. రంగు నచ్చలేదని మళ్ళీ వేయించుకున్న ఇళ్ళలో నేను చూసినంత వరకు చాలామంది షాపులో కార్డు చూసి అక్కడికక్కడే ఖాయం చేసినవాళ్ళే.

బూడిద ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న చోట్ల, ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా ఎండ పడదు. లోపలికి వచ్చేదంతా ఆకాశపు వెలుగే, అందులో నీలం పాలు ఎక్కువ. (భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేవాళ్ళు దీన్ని తిరగేసి చదువుకోవాలి.) ఈ వెలుగుకు ఒక మంచి గుణం ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు. చిత్రకారులు ఉత్తరం కిటికీ ఉన్న గదుల్ని ఏరికోరి ఎంచుకునేది అందుకే. కానీ గోడ రంగులో ఇప్పటికే నీలం ఉంటే ఈ వెలుగు దాన్ని ఇంకా పైకి తెస్తుంది. షాపులో ముచ్చటగా ఉన్న బూడిద గదిలోకి వచ్చేసరికి ఎప్పుడూ మబ్బు పట్టినట్టే ఉంటుంది. గోడలో కొంచెం పసుపో ఎరుపో కలిసిన వెచ్చని ఛాయ ఉంటే ఆ చల్లదనం సర్దుకుంటుంది.

మిగతా దిక్కుల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుంది. తూర్పు గది పొద్దున వెచ్చగా ఉండి మధ్యాహ్నం దాటాక చల్లబడుతుంది. పడమటి గది దానికి ఎదురు, సాయంత్రం గోడలన్నీ నారింజ రంగుకి తిరుగుతాయి. దక్షిణపు గదిలో నీలాలు, బూడిదలు కూడా బాగానే నిలబడతాయి. మీరు ఆ గదిలో ఎక్కువసేపు ఉండే వేళ ఏదో ఆ వేళ కనిపించే రంగే మీకు ముఖ్యం.

ఇక్కడే అసలు విషయం ఉంది. బెడ్‌రూమ్‌ని మనం ఎక్కువగా చూసేది రాత్రి, బల్బు వెలుతురులో. రంగు గురించి ఇంత ఆలోచించేవాళ్ళు కూడా బల్బు గురించి అడగరు. పెట్టె మీద 2700 కెల్విన్, 3000 కెల్విన్, 4000, 6500 అని రాసి ఉంటుంది. 2700 నుంచి 3000 వరకు పసుపు కలిసిన వెచ్చని వెలుతురు. 4000 మధ్యరకం. 6500 తెల్లగా, నీలంగా ఉంటుంది. ఒకే గోడ ఈ రెండు కొసల మధ్య రెండు వేరువేరు గోడల్లా కనిపిస్తుంది. మీరు అనుకున్న బూడిద 6500 కింద మంచుగడ్డలా తెల్లబారి కనిపిస్తుంది. ఇంట్లో వాళ్ళు అడిగిన పసుపు అదే బల్బు కింద కొంచెం ఆకుపచ్చగా తిరుగుతుంది. అందుకని ముందు బల్బు ఖాయం చేయండి, తర్వాత రంగు. బెడ్‌రూమ్‌కి నేనైతే 2700 లేదా 3000 పెట్టమంటాను. పెట్టె మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి. ఆ బల్బు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది, గరిష్ఠం 100. మామూలు ఎల్‌ఈడీలు చాలావరకు 80 దగ్గర ఉంటాయి. 90 దాటినవి దొరికితే అవే తీసుకోండి.

ఒక ఇంట్లో జరిగింది చెప్తాను. గోడకు లేత గంధం రంగు వేశాం, కర్టెన్ బట్టను ఆ రంగు అట్ట పక్కన పెట్టి షాపులోనే సరిచూసి తెచ్చారు. అక్కడ రెండూ అచ్చం ఒకటే. ఇంటికొచ్చి రాత్రి లైటు వేస్తే కర్టెన్ గులాబీ వైపు, గోడ ఆకుపచ్చ వైపు తిరిగాయి. ఎవరి తప్పూ లేదు. బట్టలోని అద్దకం, పెయింట్‌కి రంగునిచ్చే పొడి, అదే పిగ్మెంట్, వేరు వేరు పదార్థాలు. ఒక వెలుతురులో కలిసినంత మాత్రాన ఇంకో వెలుతురులో కలవాలని లేదు. ఈ గుణాన్ని మెటామెరిజం అంటారు. చివరికి కర్టెన్ మార్చకుండా బల్బులు మార్పిస్తే తేడా చాలావరకు తగ్గింది. మీరు కర్టెన్లు కొత్తవి కొంటున్నారు కాబట్టి చెప్తున్నాను, బట్ట ముక్క ఒకటి ఇంటికి తెచ్చి రాత్రి చూడకుండా తీసుకోవద్దు.

ఇంకో మాట. మార్చలేని వాటితో మొదలుపెట్టండి. టైల్స్, వార్డ్‌రోబ్ మీరు మార్చడం లేదు. అంటే గదిలో సగం రంగులు ఇప్పటికే ఖాయమైపోయాయి. పెయింట్ షేడ్లు వేలల్లో ఉన్నాయి, కర్టెన్ బట్టలు అన్ని దొరకవు. అందుకే బట్టలు, మంచం చెక్క రంగు ముందు తేల్చుకుని, గోడ రంగు చివర్లో ఎంచుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. గోడకు వేసేసి, దానికి సరిపోయే కర్టెన్ కోసం తిరిగి తిరిగి అలిసిపోయి, ఏదో ఒకదానితో సర్దుకుంటారు.

నేల రంగు గోడ మీద ఎంత ప్రభావం చూపుతుందో మీ కళ్ళతో మీరే చూడొచ్చు. మధ్యాహ్నం పూట రెండు తెల్ల కాగితాలు తీసుకోండి. ఒకటి నేలకు జానెడు ఎత్తులో, ఇంకోటి తల ఎత్తులో గోడకు అంటించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి. కింది కాగితం పైదాని కన్నా గోధుమరంగుగా ఉంటుంది. టైల్స్ మీద పడిన వెలుగు ఆ రంగు పులుముకుని గోడ మీదికి ఎగురుతుంది కాబట్టి. కిటికీ బయట ఉన్నది కూడా ఇంతే. గుబురు చెట్టు ఉన్న ఒక ఇంట్లో, కిటికీకి దగ్గరున్న గోడ ఎప్పుడు చూసినా పచ్చగా ఉందని, పెయింట్ తప్పు కలిపారని ఆ ఇంటివాళ్ళు పట్టుబట్టారు. కర్టెన్ మూసి లైటు వేసి చూపిస్తే అన్ని గోడలూ ఒకటే రంగు. అలాంటి గదికి కొద్దిగా గులాబీ ఛాయ ఉన్న తెలుపు వేస్తే ఆకుపచ్చ విరుగుతుంది. మీ కిటికీ బయట ఏముందో మీరు రాయలేదు, ఎదురుగా ఇటుక గోడో, చెట్టో ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

పక్కనున్న రంగు మన కంటిని ఎలా మోసం చేస్తుందో కూడా తెలుసుకోవాలి. ప్యారిస్‌లో గోబెలాఁ అనే పేరున్న అల్లిక కార్ఖానా ఉంది. అక్కడ అద్దకాల విభాగాన్ని నడిపిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చేవి. అద్దకం పరీక్షిస్తే లోపం ఏమీ లేదు. నలుపు పక్కన ఏ రంగు దారాలు వచ్చాయో వాటి వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని ఆయన తేల్చాడు. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదానికొకటి ఎదురు దిక్కుకి తోసుకుంటాయన్న ఈ సూత్రాన్ని 1839లో ప్రచురించాడు. మీ గదికి ఇది నేరుగా వర్తిస్తుంది. గోధుమరంగు అంటే ముదురు నారింజే. దాని పక్కన నీలం బూడిద పెడితే టైల్స్ ఇంకా నారింజగా, గోడ ఇంకా నీలంగా కనిపిస్తాయి. వార్డ్‌రోబ్ చెక్క కూడా ఆ టైల్స్ పక్షమే. కొంతమందికి ఆ ఎదురుబొదురు నచ్చుతుంది, అది వేరే మాట. ప్రశాంతంగా ఉండాలని మీరు రాశారు కాబట్టి వద్దంటున్నాను.

ఇక పసుపు. ఇంట్లో వాళ్ళ ఆలోచన సరైనదే, చల్లని వెలుగున్న గదికి వెచ్చని రంగు కావాలి. ఇబ్బంది ఎక్కడంటే, కార్డు మీద గోరంత ముక్కలో లేతగా కనిపించిన పసుపు నాలుగు గోడలకూ వేసేసరికి అరుస్తుంది. పెద్ద విస్తీర్ణంలో రంగు ఘాటుగా కనిపించడం ఒకటి. గోడలు ఎదురెదురుగా ఉండి ఒకదాని రంగు ఇంకోదాని మీద పోయడం రెండోది. మూలల్లో చూడండి, రెండు గోడలు కలిసే చోట రంగు ఎప్పుడూ చిక్కగా ఉంటుంది. అన్ని రంగులకూ ఇది ఉన్నా పసుపులో మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పసుపు కావాలంటే కార్డులో నచ్చిన దానికి రెండు మెట్లు లేతది, అందులోనూ కాస్త మసకబారినట్టున్నది తీసుకోండి. కార్డు మీద అది వెలిసిపోయిన తెలుపులా ఉంటుంది, ఇదేం పసుపు అనిపిస్తుంది. గోడకెక్కాక అదే మీరు కోరుకున్న లేత పసుపు.

లేత రంగులో లోపలి ఛాయ, అదే అండర్‌టోన్, పట్టుకోవడం కొత్తవాళ్ళకు కష్టం. రెండు పద్ధతులు చెప్తాను. ఒకటి, కార్డు ముక్కను ప్రింటర్‌లో పెట్టే తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒంటరిగా తెల్లగా ఉన్నది కాగితం పక్కన గులాబీగానో ఆకుపచ్చగానో బయటపడుతుంది. రెండోది, కార్డులో ఆ రంగు ఉన్న పట్టీలోనే అన్నిటికన్నా ముదురు రంగు చూడండి. లేతదానిలో దాక్కున్నది ముదురుదానిలో దాగలేదు. మీరు ఎంచుకున్న బూడిద పట్టీలో అడుగున ఉన్నది నీలమా, ఊదానా, ఆకుపచ్చా, గోధుమా? నా అంచనా నీలం. అడుగున గోధుమ ఉన్న పట్టీ ఇంకోటి తెప్పించుకుని పక్కన పెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ఫోన్‌లో ఫొటో తీసి రంగు తేల్చుకోవద్దు. కెమెరా తనంతట తాను తెలుపును సర్దేస్తుంది, ఒక్కో స్క్రీన్ ఒక్కోలా చూపిస్తుంది. గోడ రంగు మార్చి చూపించే యాప్‌లు లేతా ముదురా అన్నది తేల్చుకోవడానికి పనికొస్తాయి, షేడ్ ఎంచుకోవడానికి పనికిరావు.

ఇప్పుడు అట్టల సంగతి. ఇది తీరిగ్గా చేయండి, మీ పెయింటర్ ఎంత తొందర పెట్టినా. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న మందపాటి తెల్ల అట్టలు తీసుకోండి. పెయింటర్లు మామూలుగా గోడ మీదే పాత రంగుపై అరచేతి మేర పూసి చూపిస్తారు. దాంతో లాభం లేదు. చుట్టూ ఉన్న పాత రంగు షెవ్రల్ చెప్పినట్టు కంటిని లాగేస్తుంది. అట్టకు నాలుగు వైపులా రెండు వేళ్ళ మందం తెల్ల అంచు వదిలి, మధ్యలో రంగు వేయండి. బ్రష్‌తో వద్దు, గోడకు వాడే రకం రోలర్‌తోనే వేయండి. ఒక కోటు ఆరాక రెండో కోటు. తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయానికి రావద్దు, ఎమల్షన్ తడిగా ఉన్నప్పటి కన్నా ఆరాక కాస్త ముదురుతుంది. పూర్తిగా ఆరాక మర్నాడు చూడండి.

అట్టను ఒకచోట పెట్టి వదిలేయకూడదు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు పెట్టండి, అక్కడే అన్నిటికన్నా ఎక్కువ వెలుగు పడుతుంది. తర్వాత కిటికీ ఉన్న గోడకే పెట్టండి. చాలామంది మర్చిపోయేది ఈ గోడనే. వెలుగు వెనక నుంచి వస్తుంది కాబట్టి అదే రంగు అక్కడ ఒకటి రెండు మెట్లు ముదురుగా ఉంటుంది. తర్వాత ఒక మూలలో, తర్వాత వార్డ్‌రోబ్ పక్కన, తర్వాత నేలకు ఆనించి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం లైటు వేయకముందు, లైటు వేశాక, పడుకునే ముందు మంచం పక్క లైటు ఒక్కటే వెలుగుతుండగా. చూసే ప్రతిసారీ గదిలోకి వచ్చి కొంచెంసేపు కూర్చుని చూడండి. బయటి ఎండలోంచి వచ్చిన వెంటనే చూస్తే కన్ను ఇంకా సర్దుకోదు. అట్టను నేల మీద పడుకోబెట్టి చూడటం కూడా తప్పే, గోడ నిలువుగా ఉంటుంది కాబట్టి అట్టనూ నిలబెట్టే చూడాలి.

ఇంట్లో భిన్నాభిప్రాయం ఉంది కాబట్టి ఇంకో సలహా. అట్టల వెనక ఒకటి, రెండు, మూడు అని అంకెలు మాత్రమే రాయండి. ఏది మీరు ఎంచినది, ఏది వాళ్ళు ఎంచినది, కంపెనీ పెట్టిన అందమైన పేరు ఏమిటి, ఇవేవీ పైకి చెప్పకండి. విడివిడిగా చూసి, విడివిడిగా ఒక్కొక్కటి కొట్టేయమనండి. నచ్చినది ఎంచుకోమంటే ఇద్దరూ పట్టుదలకు పోతారు. నచ్చనిది తీసేయమంటే తేలిగ్గా తీసేస్తారు. మీలాంటి తగవు ఉన్న ఇళ్ళలో ఈ పద్ధతిలో చాలాసార్లు మధ్యలో ఉన్న అట్టే మిగులుతుంది. పసుపు, బూడిద రెండిటికీ మధ్య ఉన్న రంగు అంటే లేత గంధం చుట్టుపక్కలదే.

ఎంత లేతగా ఉండాలి అన్నదానికి ఒక కొలత ఉంది. చాలా కంపెనీలు షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. మీద పడిన వెలుగులో గోడ ఎంత తిప్పి పంపుతుందో చెప్పే అంకె అది. 0 అంటే అంతా మింగేసే నలుపు, 100 అంటే అంతా తిప్పి పంపే తెలుపు. డబ్బాల్లో దొరికే తెలుపులు చాలావరకు 80, 90 మధ్య ఉంటాయి. మీ గదికి 65 నుంచి 75 మధ్య చూడమంటాను. 50 కిందికి దిగితే ఒకే కిటికీ ఉన్న గదిలో పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తుంది.

మరైతే తెల్లగా వేసేస్తే పోలా అని అడుగుతారు. చీకటి గదికి తెలుపు వేస్తే వెలుగొస్తుందన్నది సగమే నిజం. తిప్పి పంపడానికి ముందు వెలుగంటూ రావాలి కదా. అది తక్కువగా ఉన్న గదిలో స్వచ్ఛమైన తెలుపు మూలల్లో బూడిదగా, మురికిగా కనిపిస్తుంది. అసలు కిటికీయే లేని చిన్న చదువుగది ఒకదానికి ముదురు నాచు రంగు వేయించాం, రాత్రి దీపాల వెలుతురులో అది చాలా నిండుగా ఉంటుంది. చిన్న గదికి ముదురు రంగు వేయకూడదన్న నియమాన్ని నేను పట్టించుకోను. గదిని ఏ వేళ వాడతారన్నదే చూస్తాను.

ఒక గోడకు మాత్రం వేరే రంగు వేద్దామనుకుంటే మంచం తలవైపు గోడకు వేయండి. కిటికీ ఉన్న గోడకు వద్దు, కారణం పైన చెప్పాను. ఇటుక రంగు లాంటి ఎరుపులు మసక వెలుతురులో తొందరగా నల్లబడతాయని, నీలాలు అప్పటికీ వెలుగుతూనే ఉంటాయని పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలోనే పుర్కినే అనే చెక్ శాస్త్రవేత్త గమనించాడు. సాయంత్రం లైటు వేయని గదిలో ఎరుపు గోడ పెద్ద నల్ల మచ్చలా ఉంటుంది. అలా వేసుకోవాలనుంటే దాని మీద పడేలా ఒక లైటు కూడా ఆలోచించుకోండి.

నీలం వేస్తే నిద్ర పడుతుందన్న మాట గురించి. రంగుల వల్ల మనసు మారుతుందని చెప్పే మాటల్లో చాలావాటికి గట్టి ఆధారం లేదు. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో ఒక నౌకాదళ నిర్బంధ కేంద్రంలో గదికి ఒక రకం గులాబీ రంగు వేస్తే ఖైదీల కోపం తగ్గిందన్నారు. అక్కడి ఇద్దరు అధికారుల పేర్లతో దానికి బేకర్-మిల్లర్ పింక్ అని పేరొచ్చింది, చాలా జైళ్ళు ఆ రంగు వేసుకున్నాయి. తర్వాతి కాలంలో స్విట్జర్లాండ్‌లోని ఒక జైల్లో పద్ధతిగా పరీక్షిస్తే గులాబీ గదుల్లో ఉన్నవాళ్ళకూ తెల్ల గదుల్లో ఉన్నవాళ్ళకూ తేడా కనిపించలేదు. నిద్ర విషయంలో పనిచేసేది వెలుతురు. రాత్రిపూట నీలం పాలెక్కువున్న లైట్లు నిద్రకు అడ్డొస్తాయి, వీధి దీపం వెలుగు లోపల పడితే అడ్డొస్తుంది. మందపాటి కర్టెన్, వెచ్చని బల్బు పెట్టుకోండి. నీలం అంటే మీకు ఇష్టమైతే దుప్పట్లలో, దిండ్లలో తెచ్చుకోండి.

రంగు తేలాక ఫినిషింగ్ సంగతి. ఒకే షేడ్ కోడ్ మెరుపు లేని మ్యాట్‌లో లేతగా, మెత్తగా కనిపిస్తుంది, కాస్త మెరుపున్న శాటిన్‌లో చిక్కగా మెరుస్తుంది. కాబట్టి అట్ట మీద కూడా గోడకు వేయబోయే రకమే వేయాలి. మెరుపు పెరిగేకొద్దీ తుడవడం తేలిక, గోడలోని వంకరలూ అంతగా బయటపడతాయి. రాత్రి గదిలో లైట్లు ఆపేసి, టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్కవాటుగా వెలుగు వేసి చూడండి. లప్పం సరిగ్గా రుద్దని చోట్లు, వైరింగ్ కోసం చెక్కి పూడ్చిన గీతలు నీడలతో సహా కనిపిస్తాయి. అవి ఎక్కువుంటే ముందు వాటిని రుద్దించండి, అయినా పోకపోతే మ్యాట్‌కే వెళ్ళండి. బెడ్‌రూమ్‌లో చేతులు తగిలేది స్విచ్‌ల దగ్గరే కాబట్టి తుడవగలిగే మ్యాట్ ఎమల్షన్ సరిపోతుంది.

రిపేర్ చేయిస్తున్న గది కాబట్టి ఇదీ చెప్పాలి. కొత్తగా సిమెంట్ ప్లాస్టరింగ్ చేసిన చోట కనీసం 28 రోజులు ఆరనివ్వడం మామూలు పద్ధతి. పచ్చి సిమెంట్‌లోని క్షారం కొన్ని పిగ్మెంట్లను తినేస్తుంది, ఆ చోట రంగు వెలిసి మచ్చగా తేలుతుంది. పూడ్చిన చోట, పాత గోడ ఉన్న చోట పీల్చుకునే గుణం వేరుగా ఉంటుంది కాబట్టి రంగుకు ముందు వేసే ప్రైమర్ గోడంతా ఒకే తీరుగా పడాలి. ప్యాచ్‌ల మీద మాత్రమే ప్రైమర్ వేసి ఊరుకుంటే ఎంత మంచి షేడ్ అయినా గీతలు గీతలుగా కనిపిస్తుంది. తేమ మచ్చ ఉంటే రంగు గురించి ఆలోచించే ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలి.

డబ్బాలు కొనేటప్పుడు ఒక కంపెనీ షేడ్‌ని ఇంకో కంపెనీలో కలిపించకండి. షాపులో రంగు కలిపే మెషీన్ దగ్గరగా తెస్తుంది, అచ్చం అదే రాదు, లైటు మారితే తేడా బయటపడుతుంది. గదికి కావలసిందంతా ఒకేసారి తెప్పించి, అన్ని డబ్బాలూ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపాక వాడమనండి. డబ్బాకూ డబ్బాకూ ఉండే చిన్న తేడా అలా మాయమవుతుంది. లేకపోతే గోడ మధ్యలో డబ్బా మారిన చోట గీత తెలుస్తుంది. ముదురు పసుపు, ముదురు ఎరుపు వేసేవాళ్ళు ఎక్కువసార్లు పూయాల్సి వస్తుందని ముందే లెక్కేసుకోవాలి. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో, అంటే రంగు కలపక ముందు డబ్బాలో ఉండే పెయింట్‌లో, టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పిగ్మెంట్ తక్కువ, గోడను కప్పే గుణం ఎక్కువగా దానిదే.

సీలింగ్‌కి నీలం మెరుపున్న తెల్లటి తెలుపు వద్దు. దాని పక్కన గంధం రంగు గోడ మాసిపోయినట్టు ఉంటుంది. గోడ షేడ్‌కి కలిపే రంగు పాళ్ళను, అదే టింట్‌ని, పావు వంతుకి తగ్గించి కలిపించండి, చూడటానికి తెల్లగానే ఉంటుంది కానీ గోడతో కలిసిపోతుంది. తలుపులకు తెలుపు వేస్తుంటే నీటితో కలిపే ఎనామిల్ అడగండి. నూనె ఎనామిల్ తెలుపు వెలుగు తగలని చోట కొన్నాళ్ళకు పసుపెక్కుతుంది, వార్డ్‌రోబ్ లోపలి వైపు ముందుగా తెలుస్తుంది.

మొదటి కోటు పడ్డాక ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. మచ్చలు మచ్చలుగా, అట్ట మీద చూసిన దానికి సంబంధం లేనట్టు ఉంటుంది. అప్పుడు రంగు మార్చమని పెయింటర్‌కి చెప్పకండి. ఆరనిచ్చి, ఒక చోట రెండో కోటు వేయించి, అట్టను దాని పక్కన పెట్టి చూడండి. సరిపోతే మిగతాది కానివ్వండి. పని అయ్యాక మిగిలిన పెయింట్ మూత గట్టిగా బిగించి, కోడ్, బేస్, ఫినిషింగ్ పేరు మూత మీద రాసి, ఎండ తగలని చోట పెట్టుకోండి. గోడను తడిగుడ్డతో తుడవాలంటే మాత్రం కొన్ని వారాలు ఆగండి, పైకి ఆరినట్టున్నా పెయింట్ పూర్తిగా గట్టిపడటానికి అంత సమయం పడుతుంది.